దోపిడీ కేసుగా ముగిసిన యుద్ధం

బల్మూర్, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పాతతరం వాళ్లు తమ వయసును సంవత్సరాల్లో చెప్పేవాళ్లు కాదు. పోలీస్ యాక్షన్ నాటికి గొడ్లను కాసేంత ఉన్నాననో, రజాకార్ల గడబిడ నాటికి లగ్గమైందనో చెప్పేవాళ్లు. అప్పట్లో ఈ ప్రాంతమంతా హైదరాబాద్ రాజ్యంలోని మహబూబ్‌నగర్ జిల్లా. పక్కనే గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు, అవీ నిజాం నీడలోనివే. ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో 1947 అక్టోబరులో నిజాం పోలీసులు జనం మీద జరిపిన కాల్పులను పాలమూరు ఇప్పటికీ మరవలేదు. నిజాం పక్షాన ఆయుధాలు పట్టి ఊళ్ల మీద పడ్డ రజాకార్లు ఏం చేశారని అడిగితే ఊరికో కథ వినిపిస్తుంది. చేసినవాళ్లకు ఏం శిక్ష పడిందని అడిగితే మాత్రం ఎక్కడైనా ఒకటే జవాబు: వాళ్ల నాయకుడు కాశీం రజ్వీ పాకిస్తాన్ పోయిండు.

ఆ జవాబు తప్పు కాదు గానీ అందులో ఉన్నది పావు వంతు సంగతే. 1948 సెప్టెంబరు తర్వాత హైదరాబాద్‌ను ఏడాదికి పైగా ఒక సైనిక గవర్నరు పాలించాడు. ఆయన ప్రభుత్వం ప్రత్యేక ట్రైబ్యునళ్లను నెలకొల్పింది. అవి ఉరిశిక్షలు వేశాయి. వాటి మీద సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యాలు నడిచాయి. యుద్ధం ముగిశాక నేరస్తులను విచారించడం అంటే న్యూరెంబర్గ్, టోక్యో అని మనం బడిలో చదువుకున్నాం. మన తాలూకా కచేరీల నుంచి మనుషుల్ని పట్టుకెళ్లి జరిపిన విచారణలు మాత్రం మన పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. ఎవరిని శిక్షించారు, ఎవరిని వదిలారు, ఎందుకు వదిలారు అన్న లెక్క తీయకుండా నిజాం లొంగిపోయిన సెప్టెంబరు 17ను ఏ పేరుతో పిలవాలని ఏటా తగువులాడుకుంటున్నాం.

ముందు ఆ కాలంలో లోకం ఎలా ఉందో చూద్దాం. న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకుల విచారణ 1945 నవంబరులో మొదలై 1946 అక్టోబరు 1న ముగిసింది. 22 మంది మీద తీర్పు వచ్చింది, 12 మందికి మరణశిక్ష పడింది, ముగ్గురు నిర్దోషులుగా బయటపడ్డారు. టోక్యో విచారణ 1946 మేలో మొదలై రెండున్నరేళ్లు సాగింది. 25 మందికి శిక్షలు పడ్డాయి, ఏడుగురిని 1948 డిసెంబరు 23న ఉరితీశారు. ఈ రెండు చోట్లా కొత్త సూత్రం ఒకటి పుట్టింది. రాజ్యం పేరు చెప్పి చేసినా నేరం నేరమే, పైవాడు చెప్పాడు కాబట్టి చేశానంటే చెల్లదు. ఆ సూత్రానికి గట్టి ఆక్షేపణ ఒకటి మన దేశం నుంచే వెళ్లింది. టోక్యో బెంచిలో కూర్చున్న కలకత్తా న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ వెయ్యికి పైగా పేజీల భిన్నతీర్పు రాసి, నిందితులందరూ నిర్దోషులే అన్నాడు. జపాన్ సైన్యం ఘోరాలు చేయలేదని ఆయన అనలేదు. గెలిచినవాడు ఓడినవాడి కోసం తర్వాత చట్టం తయారుచేసి, తానే న్యాయమూర్తిగా కూర్చోవడం న్యాయం కాదన్నాడు. ఆయన వాదనలో కొంత నాకు మింగుడుపడదు. కానీ గెలిచినవాడి తప్పులను తూచడానికి తక్కెడ ఏదీ అని ఆయన వేసిన ప్రశ్నకు హైదరాబాద్‌లో మనకూ జవాబు దొరకలేదు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1948 సెప్టెంబరు 13న పోలీస్ యాక్షన్ పేరుతో భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు, 18న ఆయన సేనాని ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు ఆయుధాలు దించాడు. నవంబరు 12న టోక్యో తీర్పు వెలువడింది. ఆ నెల చివర్లో పండిట్ సుందర్‌లాల్ నాయకత్వాన ముగ్గురి బృందం హైదరాబాద్ జిల్లాల్లో పోలీస్ యాక్షన్ నాటి శవాల లెక్క తీయడానికి బయల్దేరింది. టోక్యోలో ఉరికంబాలు సిద్ధమవుతున్న వారాల్లోనే ఆ ముగ్గురూ నాందేడ్, ఉస్మానాబాద్ వైపు ఊళ్లు తిరుగుతున్నారు. అంటే యుద్ధ నేరాల మాట ప్రపంచమంతా మార్మోగుతున్న రోజులవి. ఢిల్లీ పాలకులకు ఆ భాష బాగా తెలుసు. తెలిసే వాడలేదు.

ఎందుకు వాడలేదన్నది ఈ కథకు కీలకం. హైదరాబాద్ విషయం అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుంది. సెప్టెంబరు 16న పారిస్‌లో చర్చకు కూడా వచ్చింది. దీన్ని రెండు రాజ్యాల మధ్య యుద్ధంగా ఒప్పుకుంటే, అది భద్రతా మండలి చేతిలో కత్తి పెట్టినట్టే. అందుకే ఇది శాంతిభద్రతల వ్యవహారమని ఢిల్లీ మొదటి నుంచీ వాదించింది. ఐదు రోజుల్లో అయిపోయింది కాబట్టి వాదన నిలిచింది. కానీ దానికి ఒక ఖరీదు ఉంది. యుద్ధమే లేనప్పుడు యుద్ధ నేరాలూ ఉండవు. మిగిలేది హైదరాబాద్ శిక్షాస్మృతి: హత్య, గృహదహనం, బందిపోటు దోపిడీ. వేల మంది సాయుధ దళం ఊళ్లకు ఊళ్లను తగలబెట్టిన నేరమూ, దారి కాచి బండిని దోచుకున్న నేరమూ ఒకే సెక్షన్ కింద పడ్డాయి.

సైనిక గవర్నరైన చౌధురి ప్రభుత్వం 1358 ఫసలీలో, అంటే 1948-49లో, ఐదో రెగ్యులేషన్ తెచ్చి ప్రత్యేక ట్రైబ్యునళ్లకు ప్రాణం పోసింది. ఏ కేసు ట్రైబ్యునల్‌కు వెళ్లాలో సైనిక గవర్నరే తేలుస్తాడు. మామూలు సెషన్స్ కేసుకు ముందుండే కమిటల్ విచారణ ఇక్కడ లేదు. సాక్ష్యం నమోదులో, వాయిదాల్లో, బదిలీల్లో నిందితుడికి మామూలుగా ఉండే వెసులుబాట్లు కుదించారు. త్వరగా తేల్చాలన్నది ఉద్దేశం. రజాకార్ల బాధితులు అది కోరుకున్నారంటే వాళ్లను తప్పుపట్టలేం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో 90 మందికి పైగా మనుషుల్ని పొట్టనబెట్టుకున్నారు. అలాంటి ఊళ్లవాళ్లకు కమిటల్ విచారణ గురించి ఉపన్యాసం ఇవ్వబోయే ధైర్యం ఎవరికుంటుంది?

రజ్వీ సంగతికి వద్దాం. లాతూరులో వకీలుగా పనిచేసి ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడైన మనిషి. రజాకార్లకు తిరుగులేని నాయకుడు. లొంగుబాటు జరగగానే అరెస్టయ్యాడు. ఆయన మీద మోపిన నేరాల్లో చివరిదాకా నిలిచింది బీబీనగర్ కేసు. 1948 జనవరి 10న హైదరాబాద్‌కు దగ్గర్లోని ఆ రైల్వేస్టేషన్ ఊరి మీద రజాకార్లు పడి దోచుకున్నారని, రజ్వీ దానికి నాయకత్వం వహించాడని ప్రాసిక్యూషన్ చెప్పింది. ప్రత్యేక ట్రైబ్యునల్ విచారణ 1949 చివర్లో మొదలైంది, తీర్పు 1950 సెప్టెంబరులో వచ్చింది. ఏడేళ్ల కఠిన కారాగారం. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో నరికి చంపిన కేసులో కూడా రజ్వీ పేరుంది గానీ, ఆయన జైలు జీవితాన్ని నిర్ణయించింది బీబీనగరే. ఒక రాజ్యాన్నే గడగడలాడించిన దళానికి అధిపతి చరిత్రలో దోపిడీ కేసు ఖైదీగా మిగిలాడు.

ఆ శిక్షను సవాలు చేస్తూ రజ్వీ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఆయన పట్టుకున్న నూలుపోగు భలే చిత్రమైనది. విచారణ మొదలయ్యేనాటికి హైదరాబాద్‌లో సైనిక గవర్నరు రెగ్యులేషనే చట్టం. మధ్యలో 1950 జనవరి 26 వచ్చింది, రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 14వ అధికరణ ప్రకారం చట్టం ముందు అందరూ సమానులైనప్పుడు, నన్ను ఒక్కడినే ప్రత్యేక పద్ధతిలో ఎలా విచారిస్తారన్నది ఆయన ప్రశ్న. రాజ్యాంగ సభకు ప్రతినిధిని పంపడానికి ఒప్పుకోని రాజ్యం కోసం నిలబడినవాడు అదే రాజ్యాంగం చెట్టు కిందికి చేరడం మీకు నవ్వు తెప్పించవచ్చు. కానీ కోర్టు నవ్వలేదు. 1953 జనవరిలో ఇచ్చిన తీర్పులో, రాజ్యాంగం వచ్చాక కూడా జరిగిన విచారణ సారాంశంలో మామూలు విచారణకు దగ్గరగానే ఉందని, కాబట్టి వివక్ష లేదని మెజారిటీ తేల్చింది. వివియన్ బోస్, గులాం హసన్ అనే ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. రజ్వీ లాంటి వాడి పక్షాన కూడా ఇద్దరు న్యాయమూర్తులు సూత్రం కోసం నిలబడ్డారంటే, కొత్త గణతంత్రం గురించి చెప్పుకోదగిన మంచి మాటల్లో అదొకటి. చివరికి రజ్వీ 1957లో విడుదలై, దేశం విడిచిపోతానన్న షరతు మీద కరాచీ చేరాడు. 1970లో అక్కడే పోయాడు.

రజ్వీ కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది హబీబ్ మొహమ్మద్ కేసు. ఆయన రజాకారు కాదు, వరంగల్ సుబేదారు, అంటే పెద్ద రెవెన్యూ అధికారి. 1947 డిసెంబరు 9న పోలీసులను, సాయుధులను వెంటబెట్టుకుని వరంగల్ జిల్లా గుర్తూరు మీదికి వెళ్లి, ఇళ్లు తగలబెట్టించాడని, కాల్పులకు ఆదేశించి మనుషుల్ని చంపించాడని అభియోగం. సరిగ్గా న్యూరెంబర్గ్ తరహా నేరమిది. తుపాకి పేల్చినవాడు కాదు, ఆజ్ఞ ఇచ్చినవాడు బోనులో నిలబడ్డాడు. ప్రత్యేక న్యాయమూర్తి మరణశిక్ష వేశాడు. హైకోర్టులో కూడా అది నిలిచింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది.

అక్కడ కేసు కుప్పకూలింది. ఆ రోజు సుబేదారు వెంట బియాబానీ అనే పోలీసు అధికారి ఉన్నాడు. ఆజ్ఞ ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో అందరికన్నా బాగా చెప్పగలిగిన సాక్షి ఆయనే. ప్రాసిక్యూషన్ ఆయన్ని బోనెక్కించనే లేదు. నిందితుడు తన తరఫు సాక్షులను పిలిపించమంటే ఆ అవకాశమూ సరిగా దక్కలేదు. ముఖ్యమైన సాక్షిని దాచిపెడితే విచారణ న్యాయంగా జరిగిందని ఎలా నమ్మాలని అడిగి, 1953 అక్టోబరులో సుప్రీంకోర్టు శిక్షను కొట్టేసింది. లా కాలేజీల్లో సాక్ష్యచట్టం చెప్పేటప్పుడు ఈ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు. కానీ చదివే కుర్రాళ్లలో ఎందరికి గుర్తూరు ఎక్కడుందో తెలుసు?

గుర్తూరు ఇళ్లు కాలలేదని సుప్రీంకోర్టు అనలేదు. ఈ మనిషే చేయించాడని నమ్మదగ్గ విధంగా రుజువు కాలేదన్నది. తొందరగా ఉరివేద్దామని వేసిన అడ్డదారి చివరికి బాధితులకే అడ్డుపడింది. బియాబానీని పిలిచి, ఎదుటివాడి సాక్షులనూ విని, ఓపికగా నడిపి ఉంటే సుబేదారు ఉరికంబం ఎక్కేవాడో, నిర్దోషిగా తేలేవాడో నేను చెప్పలేను గానీ, గుర్తూరులో ఆ రోజు ఏం జరిగిందో ఒక కోర్టు రికార్డు నిక్కచ్చిగా చెప్పి ఉండేది. అది దక్కకపోవడమే గుర్తూరుకు జరిగిన రెండో నష్టం.

ఇక ఈ మొత్తం వ్యవహారంలో అసలు ముల్లు గుచ్చుకునే చోటు. రజాకార్ల కోసం తయారైన ట్రైబ్యునళ్లు రజాకార్లతోనే ఆగలేదు. రజాకార్ల మీద, దొరల గడీల మీద తుపాకి పట్టి పోరాడిన రైతు దళాలను కూడా అవే బోనుల్లో నిలబెట్టారు. 1948 సెప్టెంబరు దాకా పోరాటం నిజాం మీద సాగింది. ఆ తర్వాత పంచుకున్న భూమిని నిలబెట్టుకోవడానికి కమ్యూనిస్టు దళాలు యూనియన్ సైన్యంతో తలపడ్డాయి. నల్గొండ, వరంగల్‌లలో సైనిక క్యాంపులు పెరిగి నిలువలేని పరిస్థితి వచ్చాక దళాల్లో కొన్ని కృష్ణ ఒడ్డు పట్టుకుని నల్లమలకు వచ్చాయి. అమ్రాబాద్, అచ్చంపేట అడవులు అప్పుడే పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పోరాట చరిత్రలోకి ఎక్కాయి. దళాలకు చెంచులు దారి చూపారు, అన్నం పెట్టారు. ఆ పోరాటంలో 4,000 మంది చనిపోయారని, 10,000 మందికి పైగా జైళ్లలో, క్యాంపుల్లో మగ్గారని సుందరయ్య రాశాడు. అడవిలో దొరికినవాళ్లలో చాలామందికి ట్రైబ్యునల్ దాకా వెళ్లే భాగ్యం కూడా లేదు.

వెళ్లినవాళ్లలో పన్నెండు మందికి 1949 ఆగస్టులో మరణశిక్ష పడింది. జనగామ వైపు రైతు నాయకుడు నల్లా నరసింహులు వాళ్లలో ఒకడు. ఇరవై దాటని కుర్రాడు ఎర్రబోతు రాంరెడ్డి ఇంకొకడు. అదే ఆగస్టు 12న జెనీవాలో నాలుగు ఒడంబడికలు కుదిరాయి. దేశం లోపలి సాయుధ పోరాటాల్లో కూడా, సక్రమంగా ఏర్పడిన కోర్టు, న్యాయమైన విచారణ లేకుండా ఎవరికీ శిక్ష వేయరాదని వాటిలోని ఉమ్మడి మూడో అధికరణ చెబుతుంది. మన పన్నెండు మందిలో కొందరి తరఫున వకీలే లేడు. రెండు సంఘటనలూ ఒకే నెలలో జరిగాయి, ఒకదానికొకటి తెలియకుండా.

డిసెంబరులో హైకోర్టు శిక్షలను ఖాయం చేసింది. రాజ్యాంగం అమల్లోకి రావడానికి కొద్ది రోజుల ముందే ఉరితీయడానికి తేదీలు నిర్ణయమయ్యాయి. గణతంత్రం పుట్టకముందే పని కానిచ్చేద్దామన్న తొందర అందులో ఉందని నేను అంటే అతిశయోక్తి అనకండి, క్యాలెండరే ఆ మాట చెబుతోంది. దేశవిదేశాల్లో నిరసన రేగింది, ఉరి ఆగింది. డి.ఎన్. ప్రిట్ అనే బ్రిటిష్ బారిస్టరు వీళ్ల తరఫున వచ్చాడు. తర్వాత కెన్యాలో జోమో కెన్యాట్టా తరఫున వాదించింది కూడా ఈయనే. ప్రిట్, డానియల్ లతీఫీ కలిసి సుప్రీంకోర్టులో వీళ్ల కేసును, జనార్దన్‌రెడ్డి కేసుగా పేరొందినదాన్ని, నడిపారు. అప్పట్లో సుప్రీంకోర్టు పార్లమెంటు భవనంలో, ఒకనాడు రాజులు, నవాబులు సమావేశమైన నరేంద్ర మండలి హాలులో కూర్చునేది. దేశంలోకెల్లా పెద్ద సంస్థానాధీశుడి రాజ్యంలో గడీలు బద్దలుకొట్టిన రైతుల ప్రాణాలు సంస్థానాధీశుల హాలులోనే తూకానికి వచ్చాయి.

కోర్టు వాళ్లను కాపాడలేదు. హైకోర్టు తీర్పు రాజ్యాంగానికి ముందే వచ్చింది కాబట్టి, రాజ్యాంగం ఇచ్చిన అప్పీలు హక్కు వెనక్కి వర్తించదని తేల్చింది. వకీలు లేకుండా విచారించడం అభిలషణీయం కాకపోవచ్చు గానీ అంతమాత్రాన విచారణ రద్దు కాదని కూడా 1951 మార్చి తీర్పులో చెప్పింది. కాపాడింది ప్రజల ఒత్తిడి, ఆ తర్వాత రాజకీయం. 1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణ, 1952 ఎన్నికలు, ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూను మించిన ఓట్లతో గెలవడం. ఆ ఎన్నికల తర్వాత హైదరాబాద్ ముఖ్యమంత్రి అయింది మన పాలమూరు వకీలే, బూర్గుల రామకృష్ణారావు. మరణశిక్షలు యావజ్జీవంగా మారాయి, పన్నెండు మందిలో ఎవరినీ ఉరితీయలేదు. నరసింహులు బయటికొచ్చి తన అనుభవాలను పుస్తకంగా రాశాడు.

రజ్వీకి ఏడేళ్లు, రజ్వీని ఎదిరించిన రాంరెడ్డికి ఉరిశిక్ష. ఒకే రెగ్యులేషన్ కింద వచ్చిన ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ట్రైబ్యునళ్లు నేరం బరువును కాక రాజ్యానికి ఎదురయ్యే ప్రమాదాన్ని తూచాయని నాకు అనిపిస్తుంది. 1950 నాటికి రజాకార్లు ఓడిపోయిన గతం. రైతుదళాలు ఇంకా అడవిలో ఉన్న వర్తమానం. శిక్షలు ఆ లెక్కనే పడ్డాయి.

పైవాళ్ల సంగతి చెప్పకపోతే సమీక్ష కుంటుపడుతుంది. నిజాం ప్రధాని లాయక్ అలీ గృహనిర్బంధంలో ఉంటూనే 1950 మార్చిలో కాపలాదారుల కళ్లుగప్పి పాకిస్తాన్ చేరాడు, తర్వాత హైదరాబాద్ విషాదం గురించి పుస్తకం రాశాడు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1948 సెప్టెంబరు 23న రేడియోలో మాట్లాడుతూ రజ్వీ ముఠా హిట్లర్ జర్మనీని తలపించే పద్ధతుల్లో రాజ్యాన్ని చేజిక్కించుకుని తనను నిస్సహాయుణ్ని చేసిందన్నాడు. న్యూరెంబర్గ్‌లో సేనాపతులు పైనున్న హిట్లర్ మీద నెపం పెట్టారు. హైదరాబాద్‌లో పైనున్న పాలకుడే కిందివాడిని హిట్లర్‌ను చేసి పక్కకు తప్పుకున్నాడు. ఢిల్లీకి ఆ మాట బాగా పనికొచ్చింది. నిజాం చేతి మీదుగా విలీనం జరిగితే పారిస్‌లోని ఫిర్యాదు దానంతట అదే చల్లారుతుంది, లక్షల మంది ముస్లింలు ధైర్యం చిక్కబట్టుకుంటారు. 1950 జనవరి 26న ఆయన హైదరాబాద్ రాజప్రముఖ్ అయ్యాడు, ఏడాదికి 50 లక్షల రాజభరణం సరేసరి. జపాన్ చక్రవర్తి హిరోహిటోను మెకార్థర్ ఎందుకు బోనెక్కించలేదో, నిజాంనూ అందుకే ఎక్కించలేదు. పాలించడానికి వాళ్లు అవసరమయ్యారు. రాజనీతిగా దాన్ని నేను సమర్థిస్తాను కూడా. అయితే న్యాయం చేశామని మాత్రం చెప్పుకోకూడదు.

సుందర్‌లాల్ నివేదిక మిగిలింది. దీని గురించి రాయడం మొదలుపెట్టగానే ఒక పక్షం వాళ్లు రజాకార్ల ఘోరాలను మరిపించడానికే అంటారు, ఇంకో పక్షం వాళ్లు రజాకార్ల ఊసే ఎత్తకుండా దీన్నొక్కదాన్నే పట్టుకుంటారు. ఇద్దరూ నివేదికను చదివితే బాగుండును. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగారు, 109 ఊళ్లకు చెందిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని, చచ్చినవాళ్లలో అత్యధికులు ముస్లింలని వాళ్ల అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లు అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నాయి. తర్వాతి వరసలో మన నల్గొండ, మెదక్ ఉన్నాయి. చాలాచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీలో పాల్గొన్నారని రాశారు. అదే నివేదికలో, ముస్లిం సాలెవాళ్లను కాపాడబోయి హిందూ సాలెవాళ్లు ప్రాణాలిచ్చిన సంగతి కూడా ఉంది. రజాకార్ల అత్యాచారాలే ఈ పగకు మూలమని కూడా వాళ్లు దాచకుండా రాశారు.

పటేల్‌కు ఆ నివేదిక నచ్చలేదు. ప్రభుత్వం దాన్ని బయటపెట్టలేదు, అందులోని ఘటనల మీద బహిరంగ విచారణా జరపలేదు. 2013 నాటికి గానీ అది మామూలు పాఠకుల చేతికి పూర్తిగా అందలేదు. రజాకార్ల నేరాలకు లోపాలతోనైనా ఒక కోర్టు ఉండింది, ఒక తీర్పు ఉంది. ఈ 27,000 మందికి అదీ లేదు. రాధాబినోద్ పాల్ తక్కెడ గురించి అడిగింది ఇదే.

ఇదంతా హైదరాబాద్‌కే పరిమితమైన జాడ్యం అనుకోవద్దు. 1945 నవంబరులో బ్రిటిష్‌వాళ్లు ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌లను కోర్టుమార్షల్ చేసి, ద్వీపాంతర శిక్ష వేసి, వారం తిరక్కుండా 1946 జనవరి 3న ఆ శిక్షను రద్దు చేశారు. వీధుల్లో జనం, బ్యారక్‌ల్లో సిపాయిలు రగిలిపోతుంటే శిక్ష అమలు చేసే దమ్ము వాళ్లకు లేకపోయింది. 1971 యుద్ధం తర్వాత మన చేతికి చిక్కిన పాకిస్తాన్ యుద్ధఖైదీల్లో 195 మందిని యుద్ధ నేరాల కింద విచారిస్తానని బంగ్లాదేశ్ పట్టుబట్టింది. 1974 ఏప్రిల్‌లో ఢిల్లీలో మూడు దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాక వాళ్లూ ఇంటికి వెళ్లిపోయారు. విచారణ జరగడానికి కావలసింది సాక్ష్యం ఒక్కటే కాదు, విచారణ వల్ల లాభపడే ప్రభుత్వం ఒకటి ఉండాలి. లాభం తీరిపోగానే ఫైలు మూతపడుతుంది.

ఇప్పుడు చట్టం ఏమైనా మారిందా? 1960లో జెనీవా ఒడంబడికల చట్టం వచ్చింది. దాని కింద కోర్టు కేసు చేపట్టాలంటే ప్రభుత్వం తరఫునే ఫిర్యాదు రావాలి, బాధితుడు నేరుగా పోలేడు. అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని నెలకొల్పిన రోమ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. 1984 ఢిల్లీ మారణకాండ కేసులో సజ్జన్ కుమార్‌కు యావజ్జీవం వేస్తూ 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఒక మాట తేటగా రాసింది: జాతిహననం గానీ, మానవాళిపై నేరాలు గానీ మన దేశ శిక్షా చట్టాల్లో లేవు, ఈ లోటు వెంటనే పూడ్చాలి. ఆ తర్వాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. లోటు అలాగే ఉంది. అంటే బీబీనగర్ లాంటిది రేపు మళ్లీ జరిగినా, మళ్లీ దోపిడీ సెక్షన్ కిందే రాయాలి.

చట్టం మార్చడం పార్లమెంటు పని. ఇక్కడ మనం చేయగలిగింది ఒకటుంది. 1949, 1950 నాటి ప్రత్యేక ట్రైబ్యునళ్ల తీర్పులు, సాక్ష్యాలు, ముద్దాయిల వాంగ్మూలాలు హైకోర్టు రికార్డు గదిలో ఉన్నా, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నా, పాత కలెక్టరేట్ బీరువాల్లో ఉన్నా, ఉర్దూ నుంచి, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చి జిల్లాలవారీగా అచ్చువేయాలి. పక్కన సుందర్‌లాల్ నివేదికనూ చేర్చాలి. రజాకార్ల బాధితులవీ, రైతుదళాలవీ, పోలీస్ యాక్షన్ తర్వాత చచ్చిన ముస్లింలవీ, మూడు రకాల కాగితాలూ ఒకే సంపుటంలో ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం ఏటా సెప్టెంబరు 17న సభలకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత దీనికి కేటాయించినా సరిపోతుంది. పాలమూరు విశ్వవిద్యాలయం ఉమ్మడి మహబూబ్‌నగర్ సంపుటంతో మొదలుపెట్టవచ్చు. అచ్చంపేట, బల్మూర్ వైపు ఇంకా ఇంట్లో పాత సమన్లు, జైలు ఉత్తరాలు, విడుదల కాగితాలు దాచుకున్నవాళ్లుంటే చెదలు పట్టకముందే వాటికి నకళ్లు తీయించి ఇవ్వండి.